ఉద్దెర బోణి

నిరోషకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఎల్లారెడ్డిలో చాలామంది అంటారు. ఆ కోపం దేని మీదో మాత్రం ఎవరూ అడగరు. అడిగితే ఆమె చెబుతుంది. చెబితే వినాలి, విన్నాక ఏదో ఒకటి చేయాలి. అంత తిప్పలు దేనికని, పిల్లకు తిక్క ఎక్కువ అని తేల్చేసి, ఛాయ్ తాగి ఎవరి దుకాణానికి వాళ్ళు పోతారు.

ఆ సాయంత్రం ఆమె కామారెడ్డి బస్సు దిగి ఇంటి దారి పట్టింది. కామారెడ్డిలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో పని. పొద్దంతా నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. పాత బజారు మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒక ఆటో మెల్లగా వస్తోంది. దాని నెత్తిన మైకు. మైకులో ఎవరో పట్నం గొంతుతో ముందే రికార్డు చేసిన మాటలు. అయిపోగానే మళ్ళీ మొదటికి వస్తున్నాయి.

"ఎల్లారెడ్డి ప్రజలకు, చుట్టుపక్కల గ్రామాల, తండాల ప్రజలకు శుభవార్త. ఈ వారం నుండి మన అంగడి పాత బజారులో కాకుండా, కామారెడ్డి రోడ్డులోని కొత్త వెంచర్ మైదానంలో జరుగును. విశాలమైన స్థలం, చల్లని పందిళ్ళు, ఉచిత ఆటో సౌకర్యం..."

శుభవార్త అన్న మాటకు ఆమెకు ఒళ్ళు మండింది. ఆటో దగ్గరికొచ్చింది. నడిపేది ఎవరో చూసి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నడుపుతున్నది సాయిలు, ఆమె తండ్రి.

"ఆపు బాపు."

సాయిలు ఆటో ఆపాడు. మైకు ఆపలేదు. దాని తీరున అది శుభవార్త చెబుతూనే ఉంది.

"గీ పని నీకే దొరికిందా?"

"నేను గాకపోతే ఇంకొకడు కట్టుకుంటడు బిడ్డా, మైకు."

"కట్టుకోనీ. అందరి ఇండ్ల ముంగట నేను వద్దు వద్దని చెప్పుకుంట తిరుగుతుంటే, నా ఎనకనే నువ్వు రాండ్రి రాండ్రి అని చెప్పుకుంట తిరుగుతవా?"

సాయిలు చేతిలో ఉన్న హ్యాండిల్ వైపు చూశాడు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక అతని ఆటో ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు. అడ్డా మీద పొద్దంతా ఈగలు తోలుకుంటూ కూర్చోవడమే. ఈ సంగతి ఆమెకు తెలుసు. తను దిగి వచ్చింది కూడా ఆ ఉచిత బస్సే. అందుకని తండ్రిని మనసారా తిట్టలేకపోయింది. తిట్టలేకపోయినందుకు కోపం ఇంకాస్త పెరిగింది. పక్కకు జరిగి దారిచ్చింది.

ఎల్లారెడ్డికి ఇప్పుడు మిగిలింది వారానికొక రోజు జరిగే ఆ అంగడే. పెద్ద ఆఫీసులు కామారెడ్డిలో, పెద్ద ఆసుపత్రులు కామారెడ్డిలో, పెళ్ళి బట్టలు కామారెడ్డిలో. పిల్లల చదువుల సంగతి సరేసరి. కొత్తిమీర కట్టకు కూడా బస్సెక్కి పోయేవాళ్ళు తయారయ్యారు. వారమంతా పాత బజారు ఆవలిస్తూ ఉంటుంది. అంగడి రోజు మాత్రం గాంధారి వైపు తండాల నుంచి, చుట్టూ ఉన్న పల్లెల నుంచి జనం దిగుతారు. మేకను అమ్మి చీర కొంటారు. బీడీలు చేసే ఆడవాళ్ళు కత్తెరలు సాన పట్టించుకుంటారు. పిల్లకు జ్వరముంటే డాక్టరుకు చూపించి, మిర్చీ బజ్జీ తిని, పొద్దు వాలాక పోతారు. ఆ ఒక్క రోజు గల్లాపెట్టె మిగతా వారమంతటినీ లాగుతుంది. అంగడి ఊరు దాటితే ఈ బజారులో షట్టర్లు ఒకటొకటే దిగుతాయి. ఇది తెలియడానికి పెద్ద చదువు అక్కరలేదు, అందరికీ తెలుసు.

ఎందుకు దాటిస్తున్నారో కూడా తెలుసు. అంగడి కమిటీకి అధ్యక్షుడు లక్ష్మీరాజం. ఊరందరికీ రాజన్న. కామారెడ్డి రోడ్డులో మెట్ట చెలక కొని, హద్దురాళ్ళు పాతి, రంగుల జెండాలు కట్టి, ముందర పెద్ద కమాను లేపాడు. ప్లాట్లు మాత్రం అమ్ముడుపోలేదు. జెండాలు ఎండకు వెలిసిపోయాయి. చుట్టుపక్కల మనిషి అలికిడి లేని చోట ఇల్లు ఎవరు కడతారు? అలికిడి కావాలి కాబట్టి ఊరి అంగడినే పెళ్ళగించి అక్కడ నాటుకుందామనుకున్నాడు. కమిటీ చేత తీర్మానం చేయించాడు. కమిటీలో ఉన్నవాళ్ళంతా పాత బజారు దుకాణదారులే. తమ మెడలకు తామే ఉరి వేసుకుంటూ సంతకాలు పెట్టారు.

మైకు తిరగక ముందే నిరోష వాళ్ళందరి దగ్గరికీ తిరిగింది. పని నుంచి వచ్చాక మొహం కడుక్కుని, ఒక్కొక్క దుకాణం మెట్లెక్కింది. కమిటీ కార్యదర్శి శేఖర్ సేటు బట్టలు మడతపెడుతూ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నువ్వన్నది నూటికి నూరు నిజం బిడ్డా. అంగడి పోతే నా దుకాణం మూసుకునుడే. గని రాజన్నతోటి ఎవలు పెట్టుకుంటరు?"

కిరాణం ఆయనా అదే అన్నాడు. హోటలు ఆయనా అదే. అందరిదీ ఒకటే మాట, ఒకటే గుసగుస. ఇక గంపల వాళ్ళ దగ్గరికి పోతే నిమ్మకాయలమ్మే భూదవ్వ నవ్వింది. "మాదేమున్నది బిడ్డా. జాగ యాడ సూపిస్తే ఆడ గంప దించుతం," అంది. సేట్ల గుసగుసల కంటే ఆ నవ్వే నిరోషను ఎక్కువ కాల్చింది.

కమిటీ గది శేఖర్ దుకాణం పైనే ఉంటుంది. ఒక సాయంత్రం మీటింగు జరుగుతుంటే ఆమె పిలవకుండానే ఎక్కిపోయింది. చెప్పాల్సిందంతా చెప్పి, చివరికి "నాతోటి అన్న మాట ఈడ కూడ అనుండ్రి సేటూ," అని శేఖర్‌ను అడిగింది. శేఖర్ పైన తిరిగే ఫ్యాను వైపు చూశాడు. మిగతావాళ్ళు శేఖర్ వైపు చూశారు. లక్ష్మీరాజం కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"నువ్వు మంచి పిల్లవు నిరోషా. నీ చెయ్యి గూడ మంచిదే. నీ పని బోణి చేసుడు, గది చెయ్యి. తీర్మానాలు మేం చూసుకుంటం."

గదంతా నవ్వింది. శేఖర్ కూడా నవ్వాడు. ఆమె మెట్లు దిగుతుంటే చెవులు వేడెక్కాయి. తన మాటకు విలువ లేదు, చేతికి ఉందట. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆ బోణి సంగతి చెప్పాలి. పొద్దున దుకాణం పరిచాక జరిగే మొదటి బేరం బోణి. అది మంచిగా అయితే రోజంతా మంచిగా నడుస్తుందని అంగడి వాళ్ళ నమ్మకం. బోణి కాకముందు పైసలు తర్వాత ఇస్తానని ఉద్దెర అడిగితే తోడబుట్టినవాడినైనా కసురుకుంటారు. మొదటి పైసను కళ్ళకద్దుకుని, తరాజుకు తాకించి, అప్పుడు గోనె కింద పెట్టుకుంటారు. ఆ పైస ఎవరి చేతి మీదుగా వచ్చిందన్నది మరీ ముఖ్యం. ఎల్లారెడ్డి అంగడిలో ఆ చెయ్యి నిరోషది.

చిన్నప్పుడు ముసురు పట్టిన ఒక అంగడి రోజున, తల్లి విమలమ్మ ఎండుమిరపకాయల గంప పక్కన కూర్చున్న పిల్ల లేచిపోయి, భూదవ్వకు చేతిలోని బిళ్ళ ఇచ్చి ఒక నిమ్మకాయ కొనుక్కుంది. ఆ వానలో కూడా భూదవ్వ గంప మధ్యాహ్నానికే ఖాళీ అయింది. పై వారం భూదవ్వ వచ్చి పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఆ పై వారం టమాటలాయన. అలా అంగడంతా ఆ చేతికి మరిగింది. కాలేజీలో తోటి పిల్లలు బోణి మేడం అని ఏడిపిస్తే నిరోషకు తల కొట్టేసినట్టుండేది. ఇప్పటికీ ఆమెకు ఆ నమ్మకం లేదు. భూదవ్వ నిమ్మకాయలు అమ్ముడుపోయేది వాటిలో రసం ఉండబట్టేనని ఆమె అభిప్రాయం. అయినా అంగడి రోజు బస్సెక్కేముందు ఒక చుట్టు తిరిగి, ఒకరి దగ్గర మిరపకాయలు, ఒకరి దగ్గర ఎల్లిగడ్డ కొని పోతుంది. ముసలివాళ్ళు చెయ్యి చాపితే ఆమెకు కాదనబుద్ధి కాదు.

మైకు తిరిగిన మరునాడు సాయంత్రం, లక్ష్మీరాజం స్వయంగా వాళ్ళింటికి వచ్చాడు. చేతిలో చీర పెట్టె. విమలమ్మ బీడీల చాట పక్కకు నెట్టి, కొంగుతో కుర్చీ తుడిచింది. సాయిలు కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"రేపు కొత్త జాగల మొదటి అంగడి," అన్నాడు లక్ష్మీరాజం. "గంపలోళ్ళు జర గుబులుగ ఉన్నరు. నిరోష వచ్చి బోణి చేస్తే అందరికి ధైర్యం. కారు పంపిస్త."

"నేను రాను రాజన్నా."

"అరే, చదువుకున్నదానివి. బోణి, చెయ్యి, ఇవన్ని నమ్ముతవా నువ్వు?"

"నేను నమ్మ. నువ్వు నమ్ముతున్నవ్. అందుకే చీర పట్టుకొని వచ్చినవ్."

లక్ష్మీరాజం మొహంలో నవ్వు కాసేపు అలాగే నిలబడి మెల్లగా పోయింది. విమలమ్మ కూతురి మోచెయ్యి గిల్లింది. "చిన్నపిల్ల, దాని మాట పట్టుకోకు పటేలా," అంది.

"పట్టుకోనమ్మా. నీ బిడ్డ గాకపోతే ఇంకో చెయ్యి. ఊర్లె చేతులకు కరువా?" అని లేచాడు. చీర పెట్టె కుర్చీలోనే వదిలి పోయాడు. నిరోష ఆ పెట్టె తీసుకుని వీధిలోకి పరుగెత్తి, కదులుతున్న కారు కిటికీలోంచి లోపలికి విసిరేసి వచ్చింది. సాయిలు, పొద్దున గంపల వాళ్ళను ఎక్కించుకుపోయే కిరాయి కూడా తనదేనని గోడ వైపు చూస్తూ చెప్పాడు. విమలమ్మ తన మిరపకాయల మూట కట్టుకోవడం మొదలుపెట్టింది.

"నువ్వు గూడ పోతవా అమ్మా?"

"అందరు పోతుంటె నేనొక్కదాన్ని ఈడ కూసోని ఎవలికి అమ్మాలె?"

తెల్లవారి నిరోష బస్సెక్కలేదు. నడుచుకుంటూ ఊరు దాటి వెంచర్ దాకా పోయింది. కమాను దాటి లోపల అడుగు పెట్టలేదు. బయటే, రోడ్డు మీద చేతులు కట్టుకుని నిలబడింది. ఎవరెవరు వచ్చారో కళ్ళారా చూద్దామని వచ్చింది. అందరూ వచ్చారు. తండ్రి ఆటో దుమ్ము లేపుకుంటూ ఇంకో మందిని దించి పోయింది. తల్లి గోనె పరుస్తూ కూతురిని చూసి తల దించుకుంది. కామారెడ్డి దుకాణం యజమాని ఫోన్ చేశాడు. రానని చెబితే, ఇవాళ రాకపోతే ఇక రానే వద్దన్నాడు. సరేనంది.

లోపల పందిళ్ళు, పూల దండలు, ఒక ఫొటోగ్రాఫరు. ప్రతి గంప ముందరా ఫోనుతో పైసలు కొట్టడానికి గళ్ళ బొమ్మ ఉన్న అట్టముక్క. కొత్త అంగడి కొత్త తీరుగా ఉండాలని లక్ష్మీరాజం అందరికీ తనే పంచాడు. భూదవ్వ ఆ అట్టముక్కను తలకిందులుగా పెట్టుకుంది. గంపల వాళ్ళు తరాజులు సర్దుకుంటూ మాటిమాటికీ కమాను వైపు చూస్తున్నారు. నిరోష అక్కడే ఉంది, లోపలికి మాత్రం రావడం లేదు. గుసగుసలు లేచాయి.

అది చూసి లక్ష్మీరాజం తనే బోణి చేస్తానన్నాడు. తెల్లబట్టలు, నుదుట బొట్టు. నేరుగా భూదవ్వ దగ్గరికొచ్చి, గంపలోంచి ఒక నిమ్మకాయ తీసి ఫొటోకు నవ్వాడు. ఫోను తీసి అట్టముక్క మీద పెట్టాడు. ఫోనులో చక్రం తిరుగుతూ ఉంది. పైకెత్తి చూశాడు, పక్కకు జరిగి చూశాడు. రోడ్డు మీద అందే సిగ్నల్ ఆ చెలకలో లేదు. వెనకున్న మనిషి జేబులోంచి నోటు తీసి ముందుకు చాపాడు.

"నోటు వద్దురా. ఫొటోల నోటు పడితె ఏం బాగుంటది," అని లక్ష్మీరాజం అతని చెయ్యి తోసేశాడు. నిమ్మకాయ తన జేబులో వేసుకున్నాడు. "రాసుకో అవ్వా, తర్వాత ఇప్పిస్త," అని పక్క గంపకు కదిలాడు. అక్కడ ఒక వంకాయ, ఆ పక్కన గుప్పెడు పచ్చిమిర్చి. అందరికీ అదే మాట. రాసుకో, రాసుకో. విమలమ్మ ముందు ఒక ఎండుమిరపకాయ తీసుకుని తుంచి వాసన చూసి, ఘాటుంది అని మెచ్చుకుని, దానికీ పైసలు ఇవ్వకుండానే పోయాడు.

భూదవ్వ చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. అందులో ఏమీ లేదు. ఆమె దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"ఉద్దెర బోణి," అంది. గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ మాట గంప నుంచి గంపకు పాకుతూ పోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాళ్ళు తలుచుకోవడానికే భయపడే సంగతి అది. కొత్త జాగాలో, మొదటి రోజు, మొదటి బేరం ఉద్దెర. భూదవ్వ లేచి, గోనె దులిపి భుజాన వేసుకుని గంప నెత్తినెత్తుకుంది. ఆ వెనక టమాటలాయన తరాజు విప్పాడు. విమలమ్మ మూట కట్టింది. లక్ష్మీరాజం మొదట నవ్వాడు, తర్వాత కసిరాడు, చివరికి చేతిలో నోట్లు పట్టుకుని వెంట పడ్డాడు. "ఇగో అవ్వా, పైసల్ తీసుకో, ఇగో," అంటుంటే ఎవరూ చెయ్యి చాపలేదు. చెడిన బోణిని ఎన్ని నోట్లిచ్చినా మళ్ళీ బాగుచేయలేరు. రోడ్డు వెంట గంపలు వరుసగా ఊరి వైపు నడిచాయి.

నిరోష కూడా వాళ్ళ వెంటే నడిచింది. పాత బజారుకు చేరేసరికి అక్కడ తండాల వాళ్ళు వచ్చి, అంగడి ఏదని దిక్కులు చూస్తున్నారు. గంపలు దిగాయి, గోనెలు పరిచారు. శేఖర్ సేటు షట్టరు సగం ఎత్తి తొంగి చూశాడు. అప్పుడు భూదవ్వ నోరారా పిలిచింది.

"బిడ్డా నిరోషా, జల్ది రా. నీ చేతితోటి బోణి చేసి, గా దరిద్రం పోగొట్టు."

సంతోషపడాల్సిన సమయం అది. ఆమెకు సంతోషం రాలేదు. ఇన్నాళ్ళూ లోపల కుక్కుకున్నదంతా గొంతులోకి వచ్చింది.

"చెయ్య," అంది.

"ఏంది?"

"బోణి చెయ్య. ఇయ్యాల రాజన్న ఫోను నడవకపాయె, మీరు వాపస్ వచ్చిన్రు. వచ్చే వారం జేబు నిండ చిల్లర పెట్టుకొని నిలబడుతడు. అప్పుడు పోతరు. పోరా? చెప్పుండ్రి."

పోతారని వాళ్ళకూ తెలుసు.

"ఇంటింటికి తిరిగిన. మీ గంపల కాడ కూసోని చెప్పిన. అంగడి పోతే ఊరు పోతదని చెప్పిన. ఒక్కరు లేవలే. నిమ్మకాయకు లేచిన్రు, ఊరికి లేవలే. నా మాట మీకు పనికి రాదు. నా చెయ్యి మాత్రం కావాల్నా?"

అంటూనే ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"పెద్దోళ్ళతోటి గట్ల మాట్లాడుతరా బిడ్డా," అంది విమలమ్మ, చుట్టూ చూస్తూ.

"పెద్దోళ్ళనే అడగాలె అమ్మా. ఇంకెవలను అడగాలె?"

ఎండ పైకి వస్తోంది. ఒక తండా ఆమె టమాటలెంతని అడిగింది. టమాటలాయన నిరోష వైపు చూసి, "ఆగు చెల్లె, బోణి కాలే," అన్నాడు. ఆమె పక్క గంపకు పోయింది. అక్కడా అదే మాట. పొద్దున అంత అరిష్టం జరిగాక ఇంకో చెయ్యి పట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. కొత్తిమీర వాడుతోంది, ఆడవాళ్ళు నీళ్ళు చల్లుతున్నారు. నిరోషకు వాళ్ళను చూస్తే జాలేసింది. జాలి పడితే పని కాదని పళ్ళు బిగపట్టి నిలబడింది.

చాలాసేపటికి భూదవ్వ గంప అంచు పట్టుకుని లేచింది. "ఏం చెయ్యమంటవో చెప్పు," అంది. నవ్వుతూ మాత్రం అనలేదు.

"గంపలు ఎత్తుండ్రి. శేఖర్ సేటు మెట్ల మీదికి రాండ్రి. కమిటీలోళ్ళు ఒక్కొక్కరు బయటికొచ్చి, నా చెవుల చెప్పిన మాట మీ అందరి ముంగట చెప్పాలె. గంతే."

మెట్ల మీద, అరుగు మీద, షట్టరు ముందర గంపలు నిండిపోయాయి. శేఖర్ సేటు బయటికొచ్చి, గిరాకీ వేళ ఇదేం గోల అన్నాడు. గోల ఏమీ లేదు, అందరూ నోరు మూసుకుని అతని మొహమే చూస్తున్నారు. కిరాణం ఆయన వచ్చాడు, హోటలు ఆయన వచ్చాడు. ఇంతలో లక్ష్మీరాజం కారు వచ్చి ఆగింది. దాని వెనకే సాయిలు ఆటో, నెత్తిన మైకుతో, శుభవార్త చెబుతూ.

"ఎవలు లేపిన్రు వీళ్ళను?" లక్ష్మీరాజం కారు దిగుతూనే అరిచాడు. "కమిటీ తీర్మానం అయిపోయింది. శేఖర్, చెప్పు వీళ్ళకు."

"చెప్పు సేటూ," అంది నిరోష. "అంగడి పోతే నీ దుకాణం ఏమైతది? నాతోటి ఏమన్నవ్?"

శేఖర్ అలవాటుగా పైకి చూశాడు. అక్కడ ఫ్యాను లేదు, ఎండ ఉంది.

"నా నిమ్మకాయలు ఎండుతున్నయ్ సేటూ," అంది భూదవ్వ అతని కాళ్ళ దగ్గర కూర్చుని. "చెప్పేదేందో జల్ది చెప్పు."

"మూసుకునుడే," అన్నాడు శేఖర్. నిరోష ఇంకా చూస్తూనే ఉంది. అతను మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా. "అంగడి పోతే నా దుకాణం మూసుకునుడే. భయపడి సంతకం పెట్టిన. నా సంతకం వాపస్ తీసుకుంటున్న రాజన్నా."

ఒకడి నోరు తెరుచుకునే దాకానే. ఆ తర్వాత కిరాణం ఆయన, హోటలు ఆయన, ఒకరి మాట మీద ఒకరు పడి, ఇన్నాళ్ళ గుసగుసలన్నీ బజారున పెట్టారు. వింటుంటే నిరోషకు ఊరట కలగలేదు, ఒళ్ళు మరింత మండింది. ఇంత తేలికైన మాట చెప్పడానికా ఇన్నాళ్ళు తనను ఊరంతా తిప్పింది!

లక్ష్మీరాజం వాళ్ళతో వాదించలేదు. ఆటో వైపు తిరిగాడు.

"సాయిలూ, నీ బిడ్డకు చెప్పుకో. కిరాయి ఇచ్చేది నేను. మర్చిపోకు."

మైకు చల్లని పందిళ్ళ గురించి చెబుతోంది. సాయిలు ఆటోలోంచి దిగి, కూతురిని చూశాడు, భార్య మూటను చూశాడు. సీటు కిందికి వంగి వైరు పీకాడు. మైకు నోరు పడిపోయింది. మళ్ళీ ఏదో కలిపి, మైకు చేతిలోకి తీసుకున్నాడు. జన్మలో ఎన్నడూ మైకులో మాట్లాడినవాడు కాదు. ముందు దగ్గాడు. ఆ దగ్గు బజారంతా వినిపించింది.

"అంగడి ఈడనే," అన్నాడు. ఇంకేం చెప్పాలో తోచక, "ఈడనే. రాండ్రి," అని ఆపేశాడు.

నిరోష అందరి ముందు ఏడవకూడదనుకుంది. కష్టం మీద ఆపుకుంది.

లక్ష్మీరాజం కారెక్కుతూ, వచ్చే ఏడు మళ్ళీ కమిటీ ఉంటుంది, అప్పుడు చూసుకుందామన్నాడు. ఉత్తి బెదిరింపు కాదది, చూసుకునేవాడే. కారు పోయాక గంపలు మెట్లు దిగి మళ్ళీ తమ తమ జాగాల్లో కూర్చున్నాయి. శేఖర్ సేటు షట్టరు పూర్తిగా ఎత్తాడు. నిరోష వైపు చూసి ఏదో మెచ్చుకోలు మాట అనబోయాడు. ఆమె వినకుండా భూదవ్వ దగ్గరికి పోయింది.

జేబులో ఉన్నది కామారెడ్డి బస్టాండు నుంచి దుకాణం దాకా ఆటోకని తెచ్చుకున్న చిల్లర. గంపలోంచి ఒక నిమ్మకాయ తీసుకుని, ఒక బిళ్ళ భూదవ్వ చేతిలో పెట్టింది.

"ఆటోకని తెచ్చుకున్నవేమో బిడ్డా. పనికి పోవా?"

"ఆ పని పోయింది అవ్వా."

భూదవ్వ బిళ్ళను కళ్ళకద్దుకుంది. తరాజుకు తాకించింది. గోనె కింద పెట్టబోతూ నిరోష చెయ్యి మళ్ళీ పిడికిలి బిగుసుకోవడం చూసింది. ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకుంది.

"ఇంకా కోపం పోలేదా?"

"పోలే."

"అంగడి నిలబడ్డది గద. ఇగ పోనియ్యరాదు."

"వద్దవ్వా, ఉండనీ. రాజన్న మళ్ళ వస్తడు. మీరు మళ్ళ గంపలు ఎత్తుకొని ఆయన ఎనక పోతరు."

ఇక పోము అని భూదవ్వ మాట ఇవ్వలేదు. ఇస్తే అబద్ధమవుతుందేమోనని ఆమె భయం. చెయ్యి మాత్రం వదల్లేదు. "వస్తె మమ్ముల జర ముందుగాల్నే తిట్టు బిడ్డా," అంది. పక్క గంప నుంచి టమాటలాయన, నా బోణి ఎప్పుడని కేకేశాడు. నిరోష మిగిలిన చిల్లర పిడికిట్లో పట్టుకుని అటు కదిలింది.